సంక్రాంతి నుంచి ఉగాది దాకా పెరడు ఎండనీయొద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పొద్దటి నుంచి పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి అక్కలు చెప్పిండ్రు. మాకు ఇచ్చిన విషయం పెరటి తోట. ఈ మాట అనంగనే వెనక వరుసలో కొందరు అక్కలు నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో మాకు తెలుసు. జూన్ నెలలో విత్తనాల ప్యాకెట్ ఇస్తరు, నాలుగు వానలు పడంగనే మొలుస్తది, దసరా దాకా కాస్తది, సంక్రాంతికి ఎండుతది, మళ్లీ జూన్ దాకా ఆ జాగాలో కట్టెలు పేర్చుకుంటం. అంతే కదా మన పెరటి తోట!

అందుకే వానాకాలం తోట గురించి ఈ రోజు మాట్లాడం. వానాకాలంలో గింజ చేతి నుంచి జారి పడ్డా మొలుస్తది, దానికి మా ప్రసంగం అవసరం లేదు. మేము చెప్పేది ఇప్పటి కాలం గురించి. సంక్రాంతి పోయి వారం అయింది. పొద్దున లేస్తే వేళ్లు వంగుత లేవు. మధ్యాహ్నం అయితే ఎండ కొడుతది, నేల నెర్రెలు పాస్తది. ఆదిలాబాద్ జిల్లాలో డిసెంబర్, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి పోవుడు మనకు కొత్త కాదు. వాన జాడ ఉండదు. ఇక్కడి నుంచి ఉగాది దాకా పది పన్నెండు వారాలు. ఈ పది పన్నెండు వారాలే మన ఇండ్లల్లో కూరకు కష్టం.

ఎట్లనో చూడుండ్రి. పత్తి ఏరుడు అయిపోతది, కూలి తగ్గుతది. చేనులో అంతర పంటగా దొరికే అలిసంద, పెసరకాయ ఉండవు. గట్ల మీద దొరికే ఆకుకూర ఎండుతది. అప్పుడు ప్రతి కూరా అంగడి నుంచి రావాలె. లెక్క కోసం వారానికి 200 రూపాయల కూరగాయలు అనుకుందాం. పన్నెండు వారాలకు 2,400 రూపాయలు. అది ఒక సంఘం సభ్యురాలికి ఎన్ని నెలల పొదుపో మీరే లెక్క కట్టుకోండి. పైసలు లేని వారం ఏం చేస్తం? పప్పుచారు, పచ్చిపులుసు, లేకుంటే కారం అన్నం. పిల్లలకు ఒక గుడ్డు, మొగోళ్లకు కొంచెం కూర, అందరూ తిన్నంక గిన్నె అడుగున ఉన్నది మనకు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019–21లో జరిగిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఆరు నెలలు దాటి ఐదేండ్ల లోపు ఉన్న పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. అంటే ఈ సభలో ఇద్దరు అక్కలు పక్కపక్కన కూర్చుంటే ఒకరికి రక్తం తక్కువ ఉండొచ్చు. మెట్లు ఎక్కితే ఆయాసం, కాళ్లు గుంజుడు, కండ్లు తిరుగుడు... ఇవన్నీ "పని ఎక్కువైంది, అందుకే" అని మనం సర్ది చెప్పుకుంటం. పని ఎక్కువే, కాదనం. కానీ ఆ పనికి తగ్గ తిండి లేదు.

కాబట్టి మేము చెప్పదలుచుకున్నది ఒకటే మాట. ఎండాకాలం కూర కావాలంటే చలిలోనే విత్తనం పెట్టుకోవాలె, ఇంట్లో వాడి పారబోసే నీళ్లతోనే దాన్ని కాపాడుకోవాలె. చలి పోయినంక చూద్దాం అంటే అప్పటికి కాలం దాటిపోతది.

ఎందుకు దాటుతదో బెండ మీద లెక్క చెప్తం. బెండ గింజ పెట్టిన 45, 50 రోజులకు మొదటి కాయ కోస్తం. ఫిబ్రవరి మొదట్లో పెడితే మార్చి నడుమకు కాయ వస్తది, ఉగాదికి ఇంటి బెండకాయ తినొచ్చు. శివరాత్రికి చలి శివశివా అని పోతది కదా, పోయినంక పెడదాం అనుకుంటే ఏప్రిల్‌లో కాయ రావాలె. అప్పటికి మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతది, బావులు అడుగంటుతయి, ఆ లేత చెట్టు ఎండకు నిలువదు. అదే ముందు పెట్టిన చెట్టు అయితే అప్పటికి వేరు లోతుకు పోయి ఉంటది, ఆకుతో తన మొదలుకు తానే నీడ ఇచ్చుకుంటది.

మరి చలిలో గింజ మొలుస్తదా అని అడుగుతరు. మంచి ప్రశ్న. నేల వేడి 17 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే బెండ గింజ మొలవదు. సొర, బీర, కాకర, దోస కూడా చలికి ముడుచుకొని భూమిలోనే మురుగుతయి. అందుకే వాటిని నేరుగా మడిలో పెట్టకుండా ఇంటి దగ్గర వెచ్చటి జాగాలో మొలిపించుకోవాలె.

మా సంఘంలో చేసే పద్ధతి ఇది. బెండ, సొర గింజలు గోరువెచ్చటి నీళ్లలో ఒక రాత్రి నానబెడతం. బీర, కాకర గింజ తోలు గట్టిది కాబట్టి ఒక పగలు, ఒక రాత్రి నానబెడతం. నీళ్లు వంపి తడి గుడ్డలో మూట కట్టి, పొయ్యి గట్టు మీద మంట తగలకుండా వెచ్చగా పెడతం. మొలక తెల్లగా ముక్కు చూపంగనే ఒక్కో గింజను ఒక్కో పాల ప్యాకెట్‌లో గానీ, పాత పేపర్‌తో చేసిన దొప్పలో గానీ, కొబ్బరి చిప్పలో గానీ పెడతం. ప్యాకెట్‌కు, చిప్పకు అడుగున బొక్క తప్పకుండా ఉండాలె, లేకుంటే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతది. వాటిని దక్షిణం వైపు గోడ పక్కన పెట్టాలె. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వంగి పోతడు కాబట్టి ఇంటికి ఉత్తరం వైపు రోజంతా నీడే ఉంటది. దక్షిణం గోడ పగలంతా ఎండకు కాగి, రాత్రి కూడా కొంత వెచ్చగా ఉంటది. పొద్దుగూకంగనే పాత చీర రెండు మడతలు వేసి కప్పాలె. పొద్దున ఎండ పడంగనే తీయాలె. తీయడం మర్చిపోతే మొక్క వెలుతురు లేక సన్నగా సాగి పడిపోతది.

మూడు వారాలకు నాలుగు ఆకులు వస్తయి. ఈ లోపు చలి కూడా విరుగుతది. అప్పుడు వేరు కదలకుండా మడిలో పెట్టుకోవాలె. పేపర్ దొప్ప అయితే దొప్పతోనే పెట్టొచ్చు. పాల ప్యాకెట్ అయితే పక్కకు కోసి, మట్టి ముద్ద చెదరకుండా తీయాలె. సొర, బీర జాతి మొక్క వేరు తెగితే కోలుకోదు, అందుకే మూడు వారాల కన్నా ఎక్కువ రోజులు ప్యాకెట్‌లో ఉంచొద్దు.

అన్ని కూరలకూ చలి శత్రువు కాదు అక్కా. మెంతి, పాలకూర, కొత్తిమీరకు చలి అంటేనే ఇష్టం. వాటిని ఈ వారమే నేరుగా మడిలో చల్లుకోండి. మెంతి 25, 30 రోజులకు కోతకు వస్తది. కొత్తిమీరకు ధనియాలను చెప్పు కిందనో, చపాతీ కట్టెతోనో నలిపి రెండు పలుకులు చేసి చల్లాలె. నలపకుండా చల్లితే మొలక ఆలస్యం. పాలకూరను వేరుతో పీకొద్దు, పైన కోసుకుంటే మళ్లీ చిగురిస్తది. ఫిబ్రవరి దాటినంక చల్లితే ఇవన్నీ ఆకు పెట్టకుండా పూతకు పోతయి. అప్పుడు ఆ మడిలోనే తోటకూర, పుంటికూర చల్లుకోవాలె, వాటికి వెచ్చదనం కావాలె. గంగవాయిలి కూరకు అయితే మనం చెయ్యి కూడా పెట్టక్కర లేదు, తడి ఉన్న చోట అదే వస్తది. పీకి పారేయకుండా పప్పులో వేసుకోండి.

ఇప్పటికే టమాట చెట్లు ఉన్న అక్కలు పూత రాలుతుందని బాధ పడుతుంటరు. రాత్రి చలి బాగా ఉన్నప్పుడు టమాట పూత నిలువదు, కాయ కట్టదు. దానికి యూరియా వేస్తే ఆకు పెరుగుతది తప్ప పూత ఆగదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, రాత్రులు వెచ్చబడంగనే వచ్చే పూత నిలుస్తది. కరివేపాకు కూడా ఈ కాలంలో ఆకు రాల్చి మోడులాగ కనబడుతది. చచ్చిపోయిందని కొట్టేయొద్దు. జనవరి ఆఖరుకు కొమ్మల కొసలు కత్తిరించి, మొదట్లో పశువుల ఎరువు వేస్తే కొత్త చిగురు వస్తది. మల్లె తీగ ఉన్నవాళ్లు కూడా ఈ నెలలోనే కొమ్మలు కత్తిరించుకుంటే ఎండాకాలానికి పూలు వస్తయి. కూర కాదు గానీ, తలలో పెట్టుకోవడానికి మనకు కూడా ఏదన్నా ఉండాలె కదా.

ఇగ చలిగాలి. ఈ కాలంలో గాలి ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వస్తది. ఆ వైపు ఒక దడి కడితే మడికి సగం చలి తగ్గినట్టే. దడికి మన దగ్గర పత్తి కట్టెకు కొదువ లేదు. కానీ ఒక్క జాగ్రత్త. ఎండిపోయిన కాయలు కట్టెకే ఉంటే వాటిలో గులాబీ రంగు పురుగు దాక్కుంటది, వచ్చే ఏడాది మన పత్తినే తింటది. కాయలన్నీ తెంపి కాల్చేసి, ఉట్టి కట్టెతోనే దడి కట్టండి. ఎండాకాలం పోయే లోపు ఆ కట్టెను కూడా పొయ్యిలో పెట్టేయండి.

ఇప్పుడు అసలు విషయం నీళ్లు. "తాగనీకే చూసి చూసి వాడుకుంటుంటే తోటకు ఎక్కడివి" అని ప్రతి ఊర్లో అడుగుతరు. నల్లా నీళ్లు తోటకు పెట్టమని మేము చెప్తలేం. మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి, వంటకు. తోటకు కావలసింది మనం రోజూ వాకిట్ల పారబోసే నీళ్లు.

లెక్క చూడండి. ఫిబ్రవరి ఎండకు ఒక చదరపు మీటరు మడికి రోజుకు 4 నుంచి 5 లీటర్ల నీళ్లు కావాలె. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడుగు మడి అయితే 8 నుంచి 10 లీటర్లు. అంటే ఒక చిన్న బకెట్. నలుగురు ఉన్న ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, బిందెలు తొలిచిన నీళ్లు పొయ్యి పక్కన ఒక బకెట్‌లో పోసుకుంటే పొద్దుగూకే వరకు ఒక మడికి సరిపోను జమ అవుతయి. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే పోసేయాలె, నిలువ ఉంచితే వాసన వస్తది, దోమలు అవుతయి. ఉప్పు వేసిన గంజి పోయొద్దు.

స్నానం నీళ్లు, సబ్బు నీళ్లు వేరు. వాటిని ఆకుకూర మీద పోయొద్దు. చిన్న కాలువ తీసి అరటికి, బొప్పాయికి, కరివేపాకుకు పంపాలె. సర్ఫు ఎక్కువ వేసి బట్టలు పిండిన నీళ్లు, బ్లీచింగ్ కలిసిన నీళ్లు, పసిపిల్లల మలం బట్టలు ఉతికిన నీళ్లు ఏ చెట్టుకూ వద్దు.

ఉన్న నీళ్లను నిలబెట్టుకోవడానికి మూడు పనులు చేయాలె. మొదటిది, మడి ఎత్తుగా కాకుండా లోతుగా ఉండాలె. వానాకాలంలో నీళ్లు బయటికి పోవాలని ఎత్తు మడి చేస్తం. ఈ కాలంలో నీళ్లు లోపలే ఉండాలె కాబట్టి జానెడు లోతు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, చుట్టూ కట్ట పోయాలె. వెడల్పు మీటరు దాటొద్దు, గట్టు మీద కూర్చుంటే నడిమికి చెయ్యి అందాలె. మన నల్లరేగడికి ఎరువు ఎంత కలిస్తే అంత నెర్రెలు తగ్గుతయి. పచ్చి పెండ వేయొద్దు, చెదలు వస్తయి. పొయ్యి బూడిద కూడా తట్టలకు తట్టలు పోయొద్దు. బూడిద క్షారం, మన నల్లనేలలో ముందే క్షారం ఎక్కువ.

రెండోది, నేలను ఉట్టిగా ఎండకు వదలొద్దు. సోయా పొట్టు, కంది పొట్టు, వరిగడ్డి, రాలిన వేపాకు, ఏది దొరికితే అది నాలుగు వేళ్ల మందం పరచాలె. మల్చింగ్ అని సార్లు చెప్పేది ఇదే. నేల ఎండకు కాగదు, తడి ఆరదు, రాత్రి చలికి వేరు బిగుసుకోదు. ఒక్క పని ఎండకూ చలికీ రెండింటికీ అక్కరకొస్తది. మొక్క మొదలుకు మాత్రం రెండు వేళ్ల దూరం వదలాలె, తగిలితే మొదలు కుళ్లుతది. గడ్డిమందు కొట్టిన గట్టు మీది గడ్డి తేవద్దు.

మూడోది, కుండ. రంగు వేయని, బొక్క లేని మట్టి కుండను మెడ దాకా నేలలో పాతి, నీళ్లు నింపి, మూత పెట్టాలె. కుండ చెమ్మ మెల్లగా బయటికి వస్తది, వేర్లు కుండను పట్టుకొని ఉంటయి. ఐదు లీటర్ల కుండ చుట్టూ మూడు నాలుగు సొర, బీర, కాకర మొక్కలు పెట్టుకోవచ్చు. రోజూ పోసే పని ఉండదు, కుండ సగం తగ్గినప్పుడు నింపాలె. మూత తప్పకుండా ఉండాలె, లేకుంటే దోమలు. కొత్త కుండే అక్కర లేదు, పోయిన ఎండాకాలం వాడిన పాత కుండ అయినా అందులో నీళ్లు ఇంకా చల్లబడుతుంటే పనికి వస్తది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తున్నం. పత్తికి కొట్టిన పురుగుమందు డబ్బాలను కడిగి నీళ్లు పోయడానికి, మొక్కలు పెట్టడానికి వాడుతున్న ఇండ్లు ఉన్నయి. ఎన్నిసార్లు కడిగినా అది మందు డబ్బానే. తోట పెట్టేది రక్తం పెరగడానికి. విషం తాగడానికి కాదు. ఆ డబ్బా ఇంట్లోకి రానీయొద్దు.

జాగా లేని అక్కలు ఏం చేయాలె? కాలనీ ఇండ్లల్లో ఉన్నవాళ్లకు, కిరాయికి ఉన్నవాళ్లకు పెరడు ఉండదు. సిమెంట్ సంచిని దులిపి, బాగా కడిగి, సగం దాకా మడిచి, మట్టి ఒక పాలు, ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపుకుంటే చాలు. ఒక సంచిలో మెంతి, ఒక సంచిలో తోటకూర, ఒక సంచిలో రెండు పచ్చిమిర్చి చెట్లు. రోజుకు ఆరు గంటల ఎండ పడే చోటు చూసుకోవాలె. మార్చి వచ్చినంక మధ్యాహ్నం ఎండకు పాత చీర అడ్డం కట్టాలె. సంచి తొందరగా ఆరుతది కాబట్టి దానికి పొద్దున, మాపున రెండుసార్లు కొంచెం కొంచెం పోయాలె.

పురుగు, తెగులు గురించి కొంచెం. ఈ కాలంలో చిక్కుడు కొసలకు నల్లగా పేనుబంక పడుతది. ముందు ఆ కొసలు తుంచేయండి, నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. మిగిలితే 50 గ్రాముల వేప గింజల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. బెండ ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే రోగం, మందు లేదు. మొదటి చెట్టు మీద కనబడంగనే పీకి కాల్చేయాలె, జాలి పడితే మడి మొత్తం పోతది. సొర ఆకు మీద తెల్లటి పిండి చల్లినట్టు ఉంటే బూడిద తెగులు. ఆ ఆకులు తీసేసి, మొక్కలకు గాలి ఆడేటట్టు చూడాలె. అంతకు మించి ఏదన్నా వస్తే ఆకు ఒకటి కవర్‌లో వేసుకొని ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి, అడగడానికి మొహమాటం వద్దు.

ఇంత చేసి కూర పండినంక అది ఎవరి కంచంలోకి పోతది అన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పెద్ద మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలని చెప్తరు. వండక ముందు అది రెండు గుప్పిళ్లు. మన ఇండ్లల్లో చూస్తే రెండు గుప్పిళ్ల ఆకు మొత్తం ఇంటికి వండి, మనకు వచ్చేసరికి గిన్నె తుడుచుకునుడే. అందుకే మా సంఘంలో ఒక అలవాటు పెట్టుకున్నం. వండంగనే ముందు ఆడపిల్లకు, బాలింతకు, గర్భిణికి, మనకు సరిపోను కూర పక్కకు తీసి పెట్టుడు. దీనికి ఎవరి పర్మిషన్ అక్కర లేదు, గంటె మన చేతిలోనే ఉంది.

ఆకుకూర పప్పులో వండుకుంటే మంచిది. పైన నిమ్మకాయ పిండుకుంటే అందులో ఉన్న ఇనుము ఒంటికి ఎక్కువ పడుతది. తినంగనే చాయ తాగితే అది ఒంటికి పట్టకుండా పోతది, గంట ఆగి తాగాలె. మెంతి, తోటకూర, పుంటికూర, మునగాకు మార్చి మార్చి వండండి. ఇంకో మాట, ఆకుకూర తింటున్నం కదా అని దవాఖానలో ఇచ్చే ఐరన్ గోలీలు మానేయొద్దు. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు కూర ఒక్కటే సరిపోదు. పరీక్ష చేయించుకొని, గోలీలు వేసుకుంటూ, కూర కూడా తినాలె.

ఇన్ని చెప్పినంక "ఇది కూడా మా నెత్తినే పడ్డదా" అని ఒక అక్క అడగొచ్చు. అడగాలె కూడా. పొద్దున నాలుగింటికి లేసి పొయ్యి, పిల్లలు, కూలి, మాపున పశువులు, మధ్యలో సంఘం మీటింగ్. దాని మీద తోట ఇంకో బరువు కావొద్దు. అందుకే మేము చెప్పేది రెండు మడులే, పది మడులు కాదు. మడి తవ్వుడు, దడి కట్టుడు మొగోళ్ల పని అని ఇంట్లో చెప్పండి. మాపున బకెట్ నీళ్లు పోసుడు బడి నుంచి వచ్చిన పిల్లల పని. ఆడపిల్ల ఒక్కదానికే చెప్పకుండా కొడుకుకు కూడా చెప్పండి. కూర అందరూ తింటరు కాబట్టి నీళ్లు అందరూ పోయాలె.

ఇంకా మిగిలిన బరువు సంఘం పంచుకోవాలె. అప్పు తీసుకున్నప్పుడు ఒకరికి ఒకరం జమానతు ఉంటం కదా, మడికి కూడా అట్లనే ఉండొచ్చు. మా సంఘంలో అందరూ అన్ని నారులు పోయరు. నీళ్ల వసతి, మంచి ఎండ ఉన్న రెండు ఇండ్లల్లో అందరి కోసం ప్యాకెట్లు పెడతం. ఒకరు సొర, ఒకరు బెండ, ఒకరు మిర్చి. మూడు వారాలకు పంచుకుంటం. ఒక అక్క పని మీద ఊరు పోయినా, బిడ్డ కాన్పుకు దవాఖానలో ఉన్నా పక్కింటి సభ్యురాలు ఆమె మడికి నీళ్లు పోస్తది. ఎవరికి ఎక్కువ కాస్తే వాళ్లు మీటింగ్‌కు ఒక కట్ట ఆకుకూర తెస్తరు, లేనివాళ్లు తీసుకుపోతరు. దీనికి లెక్క రాసుకోం.

విత్తనం కూడా మన దగ్గరే ఉండాలె. ప్రతి ఏడూ ఎవరో ప్యాకెట్ ఇస్తరని ఎదురు చూసినంత కాలం మన తోట వాళ్ల చేతిలో ఉన్నట్టే. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అక్కలు ఉన్నరు. ఎక్కువ మంది దళిత మహిళలు, సన్నకారు రైతులు. నీళ్లు లేని భూముల్లో జొన్నలు, చిరుధాన్యాలు, పప్పులు కలిపి పండిస్తరు, విత్తనాలను బూడిద, వేపాకు కలిపి ఇంట్లోనే దాచుకుంటరు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్లు కూడా మన లెక్కనే సంఘాల్లో కూర్చున్న ఆడవాళ్లే. మనం అంత పెద్దగా మొదలు పెట్టక్కర లేదు. చెట్టుకు వచ్చిన మంచి కాయ ఒకటి, రోగం లేని చెట్టు మీదిది, కోయకుండా వదిలిపెట్టి, ముదిరినంక గింజ తీసి నీడకు ఆరబెట్టి, సీసాలో బూడిద కలిపి పెట్టుకుంటే చాలు. హైబ్రిడ్ విత్తనం అయితే అట్ల దాస్తే మళ్లీ అదే రకం రాదు, కాబట్టి నాటు రకం గింజలే దాచాలె. సంఘానికి ఒక విత్తనాల డబ్బా ఉండాలె, పొదుపు పుస్తకాల పక్కన.

పెరటి తోటతో అప్పులు తీరుతయి, లక్షలు వస్తయి అని మేము చెప్పం. రెండు మడుల కూరతో పత్తి నష్టం పూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊర్లలో కొన్ని చెట్లు రావు. కోతులు ఉన్న ఊర్లలో కాయ నిలబెట్టుకోవడం కష్టం, అక్కడ మెంతి, పుంటికూర, పుదీనా లాంటివే నయం. కానీ అంగడికి పోయే పైసల్లో కొంత మిగిలినా అది మన చేతి పైసనే. కంచంలో రోజూ పచ్చటిది ఒకటి ఉంటే అది మన ఒంటికే.

సభ ముందు మా సంఘం తరఫున మూడు విషయాలు పెడుతున్నం. ఒకటి, వచ్చే వారం మీటింగ్‌లో పొదుపు వసూలు అయినంక పది నిమిషాలు తోటకు ఇవ్వాలె. ఎవరి ఇంట్లో నారు పెడుతున్నమో అప్పుడే తీర్మానం పుస్తకంలో రాసుకోవాలె. రెండోది, ప్రతి గ్రామ సంఘం విత్తనాల డబ్బా ఒకటి మొదలు పెట్టాలె. మూడోది, ఉగాదికి ముందు మీటింగ్‌లో ప్రతి సభ్యురాలూ చెప్పాలె. ఎన్ని కట్టలు కోసింది అని కాదు, తాను ఎన్ని రోజులు తిన్నది అని. మీకు సమ్మతమైతే చప్పట్లు కొట్టి ఆమోదించండి.

ఇంటికి పోయేసరికి పొద్దుగూకుతది, చలి మొదలైతది. పోంగనే చేయగలిగిన పని ఒక్కటే. గుప్పెడు మెంతులు, పిడికెడు ధనియాలు డబ్బాలో నుంచి తీసి పక్కన పెట్టుకోండి. అవి కొనక్కర లేదు, మన పోపుల పెట్టెలోనే ఉంటయి. రేపు పొద్దున ఎండ పడంగనే మడిలో చల్లండి. బెండ, సొర గింజలు ఉన్నవాళ్లు రాత్రే నానబెట్టండి.